కుడిచెయ్యి డ్యూటీలో ఉంది

సబ్ ఇన్‌స్పెక్టర్ మాల్యాద్రి పెళ్లి అప్పటికి రెండుసార్లు వాయిదా పడింది. మొదటిసారి ఒక మంత్రిగారు వస్తున్నారని బందోబస్తు వేశారు. రెండోసారి అదే మంత్రిగారు రావడం లేదని తెలిసి జనం రోడ్డెక్కితే, దానికి బందోబస్తు వేశారు. పెళ్లికూతురు హైమావతి ఆర్టీసీలో కండక్టరు. నోరున్న మనిషి, ఓర్పు కూడా ఉంది కానీ కొలతగానే ఉంది.

"రెండుసార్లు బండి ఆపాను. మూడోసారి రైట్ రైట్ అనేస్తా. ఆ తర్వాత వెనకబడి పరిగెత్తినా ఎక్కించుకోను" అని ఫోన్లో తేల్చి చెప్పేసింది.

మూడో ముహూర్తం గురువారం పొద్దున. అది దాటితే మూఢం. మళ్లీ మంచిరోజులంటే శ్రావణంలోనే. అందుకే మాల్యాద్రి మంగళవారం నాడు ఫైరింగు మైదానానికి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఏటా చేయాల్సిన ఫైరింగు ప్రాక్టీసు పూర్తిచేస్తే తప్ప సెలవు ఇవ్వనని డీఎస్పీ సారంగపాణి గారు మెలిక పెట్టారు మరి. పది తూటాలు కాల్చి, చెయ్యి కడుక్కుని, పెళ్లికి పోదామనేది మాల్యాద్రి ఆలోచన.

మూడు పేలాయి. నాలుగోది కూడా పేలింది కానీ పిస్తోలు మధ్యలో ఆగిపోయింది.

పిస్తోలుతో పని పడని అదృష్టవంతుల కోసం రెండు ముక్కలు చెప్పాలి. తూటా పేలాక దాని ఖాళీ ఇత్తడి గొట్టం పక్క కంతలోంచి ఎగిరి బయట పడాలి. పైనుండే ఇనుప తొడుగు, దాన్ని స్లైడు అంటారు, వెనక్కి పోయి మళ్లీ ముందుకొచ్చి మూసుకోవాలి. ఒక్కోసారి ఆ గొట్టం పూర్తిగా బయటపడకుండా స్లైడు సందులో ఇరుక్కుని నిలువునా నిలబడుతుంది. స్లైడు మూసుకోదు, పిస్తోలు పేలదు. అరచేత్తో ఒక్కసారి దులిపితే గొట్టం కింద పడుతుంది. ఇది పోలీసు శిక్షణలో మొదట్లోనే నేర్పేస్తారు.

మాల్యాద్రి అలవాటుగా ఎడమచెయ్యి ఎత్తాడు.

"ముట్టుకోమాక!" అని మైదానం అదిరేలా అరిచారు రిజర్వు ఇన్‌స్పెక్టర్ ఇస్సాకు గారు. ఆయుధాల పెత్తనం ఆయనది. "కదలమాక! ఊపిరి మాత్రం తీసుకో."

"దులిపితే పోయేదానికి ఏంది సార్ ఇంత కేక?"

"దులిపితే పోతుందని నాకు తెలవదా? నువ్వు పుట్టకముందు నుంచి దులుపుతున్నా. కొత్త నియమావళి వచ్చింది గదయ్యా!"

ఆ నియమావళికి ఒక పుట్టుక కథ ఉంది. ఎక్కడో ఒకచోట ఇలాగే ఇరుక్కున్న పిస్తోలును తనిఖీకి పంపారు. జీపు గతుకుల్లో ఎగిరెగిరి పడేసరికి దారిలోనే దాని జబ్బు కుదిరిపోయింది. తనిఖీ చేసేవారు చూస్తే పిస్తోలు బాగానే ఉంది. కాగితాల్లో లోపం ఉంది, పిస్తోల్లో లేదు. అయితే ఆ లోపం ఏమైనట్టు? ప్రభుత్వ ఆస్తిలో ఏర్పడిన లోపం కూడా ప్రభుత్వ ఆస్తే కదా, దాన్ని పోగొట్టిన బాధ్యులెవరు? ఈ ప్రశ్న పై ఆఫీసులో పెద్దవాళ్లకు నిద్ర పట్టనివ్వలేదు. దాని ఫలితంగా 'లోపభూయిష్ట ఆయుధముల యథాస్థితి పరిరక్షణ నియమావళి' అనేది వెలువడింది. లోపం ఏర్పడిన ఆయుధాన్ని, ఏర్పడిన స్థితిలోనే, సాంకేతిక లోప నిర్ధారణ కమిటీ కళ్లారా చూసేదాకా భద్రపరచాలి. అంతవరకైనా బతకొచ్చు. కానీ మన సారంగపాణి గారికి ఒక సందేహం వచ్చింది. స్థితి అంటే సరిగ్గా ఏమిటో స్పష్టత ఇవ్వవలసిందని పైకి రాశారు. అడిగితే ఇవ్వకుండా ఉంటారా? ఇచ్చారు.

ఇస్సాకు గారు జేబులోంచి కాగితం తీసి గొంతు సవరించుకున్నారు. "'స్థితి అనగా లోపము సంభవించిన సమయమున సదరు ఆయుధమును ధరించియున్న హస్తము సహా అని గ్రహించవలెను.' అంటే ఏందంటే నాయనా, ఆ చెయ్యి ఇప్పుడు పిస్తోల్లో భాగం."

"నా చెయ్యా?"

"ఇంతకుముందు నీది."

పిస్తోలు ఎటు పెట్టాలో కూడా నియమావళి మర్చిపోలేదు. మనుషుల వైపు గురిపెట్టరాదు, నేల వైపు రాదు, ప్రభుత్వ ఆస్తుల వైపు అసలే రాదు. పోలీసు మైదానంలో ఈ మూడూ తీసేస్తే మిగిలేది ఆకాశమే. మిగతా తూటాలున్న మ్యాగజైను తీసేద్దామా అంటే అది స్థితిని మార్చడమవుతుంది. అందుచేత మాల్యాద్రి కుడిచెయ్యి ఏటవాలుగా ఆకాశానికి ఎత్తుకుని, వేలు ట్రిగ్గరుకు దూరంగా చాపుకుని, మైదానం మధ్యలో నిలబడ్డాడు. పిస్తోలు నడినెత్తిన ఖాళీ గొట్టం ఎండకు తళతళ మెరుస్తోంది.

"ఇది ఈ స్థితిలో పేలదు గదా సార్?" అన్నాడు మాల్యాద్రి.

"పేలదు. సగం తెరుచుకున్నది ఎట్టా పేలుద్ది?"

"ఆ ముక్క రాసివ్వండి. కింద పెట్టేస్తా."

ఇస్సాకు గారు ఆ మాట విననట్టు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో ఆయన నిజాలు చాలా చెప్పారు గానీ ఒక్కటీ రాసివ్వలేదు.

కమిటీకి అధ్యక్షులు సాక్షాత్తూ సారంగపాణి గారే. సభ్యులుగా ఒక జమాఖర్చుల అధికారి, ఒక రిటైరైన తెలుగు ప్రొఫెసరు ఉన్నారు. పిస్తోళ్లు బాగుచేసే మనిషిని కమిటీలో వేయలేదు. సాంకేతిక పరిజ్ఞానం ఉన్నవాళ్లకు ముందస్తు అభిప్రాయాలుంటాయట, నిష్పాక్షికత దెబ్బతింటుందట. సారంగపాణి గారు ఆ సమయంలో ఏదో కొండమీద మానసిక ప్రశాంతత శిక్షణలో ఉన్నారు. ఫోన్లో దొరికారు.

"లోపము ప్రస్తుతము ఏ విధముగా నున్నది?" అని అడిగారు ప్రశాంతంగా.

"క్షేమంగా ఉంది సార్" అన్నారు ఇస్సాకు గారు.

"సంతోషము. దానికి ఎట్టి హాని కలుగరాదు. శిక్షణ ముగియగానే గురువారము ఉదయమున కమిటీ లోపమున్న చోటికే విచ్చేయును. అంతదనుక యథాస్థితి."

మాల్యాద్రి ఫోను ఎడమచేత్తో లాక్కున్నాడు. "సార్, ఎల్లుండి నా పెళ్లి సార్. సెలవు ఇస్తానన్నారు మీరు."

అవతల ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టడం వినపడింది. ప్రశాంతత శిక్షణ బాగానే పనిచేస్తున్నట్టుంది. ఆ తర్వాత సారంగపాణి గారు ఉత్తర్వు చెప్పి రాయించారు. మానవీయ కోణంలో ఆలోచించి ఆయన ఇచ్చిన ఆ ఉత్తర్వు ఇదీ: 'శ్రీ మాల్యాద్రి గారి కుడి హస్తము మినహా మిగిలిన దేహమునకు మూడు దినముల సెలవు మంజూరు చేయడమైనది. సదరు హస్తము విధులలో కొనసాగును. విధులలోనున్న హస్తము ప్రైవేటు శుభకార్యములలో పాల్గొనరాదు.'

మాల్యాద్రికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆకలి వేసింది, అన్నం ఎడమచేత్తో తినడానికి మనసొప్పలేదు, తినలేదు. సెలవు కాగితం మీద ఎడమచేత్తో పెట్టిన సంతకం పాత సంతకంతో కలవలేదని గుమాస్తా తిప్పి పంపాడు. చివరికి కుడిచెయ్యి తరఫున ఎడమచెయ్యి సంతకం చేస్తున్నదని ఇస్సాకు గారు పక్కన ధ్రువీకరించాల్సి వచ్చింది.

మాల్యాద్రి ఒక్కడే పోవడానికి కూడా వీల్లేదు. డ్యూటీలో ఉన్న చేతికి కాపలా కావాలి గనక ఓబయ్య అనే కానిస్టేబుల్ని వేశారు. ఎండకు ఇత్తడి రంగు మారితే స్థితి మారినట్టే గనక ఓబయ్యకు ఒక గొడుగు ఇచ్చారు. గొడుగు పిస్తోలుకే, మాల్యాద్రికి కాదు. సాక్షి లేకుండా లోపం ఊరు దాటకూడదు గనక ఇస్సాకు గారు కూడా బయల్దేరారు. ఆయనకు ఈ మాట వినగానే ముఖం వెలిగింది. పెళ్లిభోజనం మీద ఆయనకు మొదటినుంచీ గౌరవం.

ప్రయాణం ఎలాగన్నది తర్వాతి సమస్య. పోలీసు జీపుకు పైకప్పు ఉంది, ఆ పైకప్పు ప్రభుత్వానిది, దానికి గురిపెట్టకూడదు. ఆర్టీసీ బస్సు సంగతీ అంతే. చివరికి అరటిగెలలు వేసే ట్రాలీ ఆటో ఒకటి మాట్లాడారు. అందులో మాల్యాద్రి చెయ్యెత్తి నిలబడ్డాడు, పక్కన ఓబయ్య గొడుగు పట్టాడు, ఇస్సాకు గారు ముందుసీట్లో నియమావళి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. దారిపొడుగునా జనం ఎవరో నాయకుడు ప్రచారానికి వచ్చాడనుకున్నారు. ఒక ఊళ్లో దండ వేశారు. ఇంకో ఊళ్లో తాగునీళ్లు రావడం లేదని ఆటోకు అడ్డంపడి నిలదీశారు. మాల్యాద్రి ఏం చెప్పబోయినా ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండటంతో హామీ ఇచ్చాడనుకుని చప్పట్లు కొట్టి దారి వదిలారు.

సొంతూరు ఉప్పురేవులో అమ్మ రత్తమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. కొడుకు చెయ్యి చూసింది. చేతిలోది చూసింది.

"ఎవరి మీదరా కోపం?"

"ఎవరి మీదా లేదమ్మా. ఇది ఇరుక్కుంది."

"ఇరుక్కుంటే తీసెయ్."

"నేను తీయకూడదు."

"మరెవరు తీస్తారు?"

"తీయడానికి కాదమ్మా, చూడటానికి కమిటీ వస్తుంది."

రత్తమ్మ వెళ్లి కంచం తెచ్చింది. కొడుకు ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఆ ఉద్యోగం గురించి అర్థం చేసుకునే ప్రయత్నం ఆవిడ మానేసింది. అన్నం కలిపి ముద్దలు చేసి నోట్లో పెట్టింది. అంత ఆఫీసరూ గుమ్మంలో నిలబడి చిన్నపిల్లాడిలా తిన్నాడు. పక్కనే ఓబయ్య ఒక చేత్తో గొడుగు పట్టుకుని రెండో చేత్తో తాను తిన్నాడు.

ఆ రెండు రోజులూ మాల్యాద్రి ఎలా గడిపాడో చెప్పుకుంటే మనకే భుజం లాగుతుంది. మేడమీద దండేనికి చెయ్యి ఆనించి కునుకు తీశాడు. చొక్కా తొడుక్కోవడం కుదరక ఒక చెయ్యి కత్తిరించిన చొక్కా వేసుకున్నాడు. పిచ్చిక ఒకటి వచ్చి ఇత్తడి గొట్టం మీద వాలితే ఓబయ్య హడలిపోయి దాన్ని తోలాలా వద్దా అని ఇస్సాకు గారిని అడిగాడు. ఇస్సాకు గారు నియమావళి మొత్తం తిరగేసి, పక్షుల ప్రస్తావన లేదని, అది దానంతట అది పోయేదాకా ఎవరూ దగ్గొద్దని చెప్పారు.

బుధవారం సాయంత్రం హైమావతి ఫోను చేసింది. ఓబయ్య ఫోను మాల్యాద్రి చెవి దగ్గర పెట్టాడు.

"ఊరంతా ఏదేదో చెప్పుకుంటున్నారు. నిజమేనా?"

"నిజమే."

"రేపు తాళి ఎట్టా కడతావు? ఒక్క చేత్తో మూడుముళ్లు పడతాయా?"

"పొద్దుటికి కమిటీ వచ్చేస్తుంది హైమా. చూసేసి పోతారు. ఒక్క నిమిషం పని."

"నేను అడిగింది కమిటీ గురించి కాదు. మూడోసారి కూడా నలుగుర్లో కూర్చుని లేచిపోవాలంటే నావల్ల కాదు. మా నాన్న మొహం చూడలేను. నువ్వు రాకపోతే కోపం వస్తుంది, వచ్చి కూడా కట్టలేకపోతే సిగ్గేస్తుంది. అంతే."

ఫోను పెట్టేసింది. మాల్యాద్రి దొంగల్ని పట్టుకోవడానికి కూడా ఇంత భయపడలేదు ఎప్పుడూ. దులిపేద్దామని ఎడమచెయ్యి లేపాడు. కానీ ఉద్యోగం కళ్లముందు కదిలింది, సస్పెన్షను కనపడింది, చెయ్యి దిగిపోయింది.

గురువారం పొద్దున ఇంకో అడ్డం వచ్చిపడింది. ఉప్పురేవు కల్యాణ మండపం పంచాయతీది. పంచాయతీ అంటే ప్రభుత్వమే గనక దాని పైకప్పుకు గురిపెట్టకూడదు. ఆడపెళ్లివాళ్లు గొణుక్కుంటూ పీటలు తెచ్చి బయట తాటాకు పందిట్లో వేశారు. తాటాకులు హైమావతి మేనమామవి. ఆయన తన ఆకుల మీద ఎవరు ఎన్ని పిస్తోళ్లు గురిపెట్టినా అభ్యంతరం లేదని ఇస్సాకు గారికి మాటిచ్చాడు.

కమిటీ వచ్చింది. టైముకే వచ్చింది. సారంగపాణి గారు కొండమీదినుంచి తెచ్చుకున్న ప్రశాంతతతో కారు దిగి, మాల్యాద్రి చెయ్యిని దూరంనుంచే చూసి తల పంకించారు.

"సార్, ముహూర్తం దగ్గరపడింది సార్. ఒక్కసారి చూసేస్తే..." అన్నాడు మాల్యాద్రి పీటలమీదినుంచి.

"తొందరపాటు నిర్ధారణకు శత్రువు. కమిటీ సుదూర ప్రయాణము చేసి వచ్చినది. ముందు అల్పాహారము."

ముగ్గురూ మండపం లోపలికి వెళ్లారు. పెసరట్టు ఉప్మా వడ్డించారు. తెలుగు ప్రొఫెసరు గారు అల్లం పచ్చడి మళ్లీ వేయించుకున్నారు. జమాఖర్చుల అధికారి ప్రయాణ భత్యం లెక్క ఇప్పుడే వేసుకుందామా, లోపం చూశాక వేసుకుందామా అన్న చర్చ లేవదీశాడు. చూశాకే వేసుకోవాలి, ఎందుకంటే లోపం లేకపోతే ప్రయాణమే లేదు అని తేలింది.

బయట పురోహితుడు మంత్రాలు ఆపాడు. "అయ్యా, ముహూర్తం వచ్చేస్తోంది. జీలకర్ర బెల్లం కుడిచేత్తోనే పెట్టాలి. ఎడమచెయ్యి పనికిరాదు."

"కుడిచెయ్యి పాల్గొనరాదని ఉత్తర్వు ఉంది" అన్నారు ఇస్సాకు గారు.

"మరి పెళ్లి ఏ చేత్తో చేయమంటారు?"

ఇస్సాకు గారు నియమావళి మళ్లీ తిరగేయడం మొదలుపెట్టారు. మేళగాళ్లు గట్టిమేళానికి సిద్ధంగా ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. బంధువులు అక్షింతలు పట్టుకుని లేచారు. పెళ్లికూతురి తండ్రి నేల చూపులు చూస్తున్నాడు. మధ్యలో అడ్డుతెర ఉంది. తెర అవతలినుంచి హైమావతి మెల్లగా అడిగింది.

"ఆ చెయ్యి ఎవరిది?"

మాల్యాద్రి నోట్లో ఉత్తర్వు తాలూకు భాష మెదిలింది. దాన్ని మింగేశాడు.

"నాదే."

"మరి?"

ఆ ఒక్క మాటకు అతనికి కోపం వచ్చింది. ఆమె మీద కాదు, తన మీద. ఇన్నాళ్లుగా తెలిసిన పని, అరచేత్తో దులిపే పని, దానికి పెళ్లికూతురితో చెప్పించుకోవాల్సి వచ్చింది. ఎడమచెయ్యి లేపి పిస్తోలు నెత్తిన ఫట్‌మని దులిపాడు. ఇత్తడి గొట్టం ఎగిరిపోయి అక్షింతల పళ్లెంలో పడింది. స్లైడు ఠక్కుమని మూసుకుంది. వెంటనే మ్యాగజైను తీసేశాడు, స్లైడు లాగి లోపలున్న తూటా కూడా బయటికి తీశాడు, ఖాళీ అయిందని చూసి మరీ పిస్తోలును పక్కనున్న పళ్లెంలో పెట్టాడు. ఇదంతా ఆవలించినంత సేపట్లో అయిపోయింది. ఆ క్షణంలో ఇస్సాకు గారు సన్నాయి వాయించేవాళ్ల వైపు తిరిగి చాలా శ్రద్ధగా చూస్తూ ఉన్నారు.

గట్టిమేళం మోగింది. తెర దించారు. రెండు రోజులుగా ఆకాశంలో ఉన్న చెయ్యి దిగి హైమావతి తలమీద జీలకర్ర బెల్లం పెట్టింది. ఆ తర్వాత తాళి కట్టింది. వేళ్లు తిమ్మిరెక్కి మొదటి ముడి సరిగ్గా పడక రెండుసార్లు కట్టాల్సి వచ్చింది. హైమావతి తల వంచుకుని నవ్వు ఆపుకుంటోంది, కళ్లలో మాత్రం నీళ్లు తిరిగాయి. మాల్యాద్రికి ఇంత సంతోషం సర్వీసులో ఎన్నడూ లేదు, ఇక ఉద్యోగం పోయినా ఫర్వాలేదనిపించింది.

మేళం ఆగాక కమిటీ మూతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"ఇక పరిశీలన ప్రారంభము. లోపమును ప్రవేశపెట్టుడు" అన్నారు సారంగపాణి గారు.

ఇస్సాకు గారు పళ్లెం తెచ్చారు. పిస్తోలు నున్నగా, బుద్ధిగా, ఏ జబ్బూ లేకుండా పడుకుని ఉంది. సారంగపాణి గారు కళ్లజోడు పెట్టుకుని చూశారు, తీసి చూశారు. ముఖంలోంచి ప్రశాంతత మెల్లగా జారింది.

ఆయన ఆలోచన ఎలా సాగిందో పైకే కనపడింది. లోపం పోయిందని రాస్తే, కమిటీ ఉప్పురేవులో ఉండగానే పోయినట్టు. కమిటీ ఉండగా పోయిందంటే, ఏం చేస్తుండగా పోయింది? పెసరట్టు తింటుండగా. జమాఖర్చుల అధికారి ఆయన చెవిలో ఇంకో మాట కూడా ఊదాడు: లోపం లేకపోతే భత్యం రాదు. తెలుగు ప్రొఫెసరు గారు గొంతు సవరించుకుని, లోపమనేది చూసే దృష్టిని బట్టి ఉంటుందన్నారు.

"కనిపించుచున్నది" అన్నారు సారంగపాణి గారు చివరికి.

"నాకునూ స్పష్టముగా కనిపించుచున్నది" అన్నారు ప్రొఫెసరు.

"అచ్చం రాసుకొచ్చినట్టే ఉంది" అన్నాడు జమాఖర్చుల అధికారి. నివేదిక ఆఫీసులోనే టైపు చేయించుకుని వచ్చారు, కాలయాపన నివారణ కోసం. పరిశీలిస్తున్న ఫోటో ఒకటి జతపరచాలి గనక సారంగపాణి గారు పిస్తోలును కుడిచేత్తో పట్టుకుని, ఆకాశానికి ఎత్తి, గంభీరంగా చూశారు. పెళ్లి ఫోటోగ్రాఫరే ఫ్లాష్ వేసి తీశాడు. ఆ భంగిమలో ఉండగానే జమాఖర్చుల అధికారి నివేదిక చదివి వినిపించాడు.

"'నేను స్వయముగా సదరు ఆయుధమును నా హస్తమున ధరించి పరిశీలించగా, అందు లోపము ఉన్నట్లు నిస్సందేహముగా కనుగొంటిని. మరింత ఉన్నతస్థాయి కమిటీ వచ్చు పర్యంతము యథాస్థితి కొనసాగవలెను.'"

సారంగపాణి గారు ఎడమచేత్తో సంతకం గీశారు. "ఇక దీనిని స్వీకరింపుము" అని పిస్తోలు మాల్యాద్రికి చాపబోయారు.

మాల్యాద్రి రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. పెళ్లికొడుకు కదా, చాలా వినయంగానే అడిగాడు.

"సార్, లోపం ఉందని తేలిన సమయానికి ఆయుధం ఎవరి చేతిలో ఉంది సార్?"

ఇస్సాకు గారు జేబులోంచి కాగితం తీశారు. ఆయన ఎప్పుడూ లేనంత స్పష్టంగా చదివారు. "'స్థితి అనగా సదరు ఆయుధమును ధరించియున్న హస్తము సహా అని గ్రహించవలెను.' మీరే అడిగి తెప్పించిన స్పష్టత సార్ ఇది."

"అది... అది లోపము సంభవించిన సమయమునకు సంబంధించినది!"

"సంభవించిన చెయ్యి ఇప్పుడు ఖాళీగా ఉంది సార్, అందరూ చూస్తున్నారు" అన్నారు ఇస్సాకు గారు. "లోపం ఉందని మీరు సంతకం చేసింది మీ చేతిలో. అంతకుముందు ఎక్కడుందో రాయాలంటే, మీరు పెసరట్టు తింటుండగా ఇక్కడికెట్టా వచ్చిందో కూడా రాయాలి. రాయమంటారా?"

సారంగపాణి గారు చాపిన చెయ్యిని మెల్లగా మళ్లీ ఆకాశానికి ఎత్తారు. ఓబయ్య ఇక ఎవరూ చెప్పకుండానే గొడుగు పట్టుకుని మాల్యాద్రి పక్కనుంచి కదిలి వెళ్లి డీఎస్పీ గారి చెయ్యి మీద పట్టాడు. అతనికి మనిషితో పనిలేదు, చేతితోనే పని.

పెళ్లి భోజనాలు మొదలయ్యాయి. భోజనాలు మండపం లోపల, దాని పైకప్పు పంచాయతీది. సభ్యులిద్దరూ లోపలికి వెళ్లిపోయారు. సారంగపాణి గారు గుమ్మం బయట ఎండలో ఆకాశానికి చెయ్యెత్తి నిలబడ్డారు. గుత్తివంకాయ వాసన బయటికి వస్తూనే ఉంది.

అదే సమయానికి పురోహితుడు కొత్తదంపతులకు అరుంధతిని చూపించడానికి ఆరుబయటికి తీసుకొచ్చాడు. పట్టపగలు నక్షత్రం ఎటుందో తెలియక వెతుక్కుంటున్న ముసలమ్మలు డీఎస్పీ గారి చెయ్యి చూసి, "అదుగో, ఆ పోలీసాయన చూపిస్తున్నాడు" అనుకుంటూ ఆయన వెనక వరసకట్టి, ఆయన భుజం మీదుగా ఆకాశంలోకి చూసి, కనపడింది కనపడిందని దణ్ణాలు పెట్టారు.

"నీకు కనపడిందా?" అని అడిగాడు మాల్యాద్రి.

"లేదు" అంది హైమావతి. "లేనిది కనపడిందని నేనెందుకంటాను?"

ఇద్దరూ నవ్వుకుంటూ లోపలికి నడవబోతుంటే సారంగపాణి గారు గొంతు తగ్గించి పిలిచారు. ఈసారి ఆయన మాటలో గ్రాంథికం మొత్తం రాలిపోయింది.

"ఏమయ్యా మాల్యాద్రీ, నీకు తెలుసు కదా. ఈ పాడు లోపాన్ని ఎట్టా వదిలించుకోవాలయ్యా?"

మాల్యాద్రికి ఆయన్ని చూస్తే నిజంగానే జాలేసింది. తన భుజం ఇంకా సలుపుతోంది మరి. దగ్గరికి వెళ్లి పిస్తోలును అటూ ఇటూ పరిశీలించాడు. స్లైడు చక్కగా మూసుకుని ఉంది. సందులో ఏమీ లేదు.

"నాది అరచేత్తో దులిపితే పోయింది సార్. మీదాంట్లో దులపడానికి ఏమీ లేదే!"